సర్వే లెక్కలు తేలేదెలా? సామాజిక పరిశోధకుల ప్రశ్నలు, మా జవాబులు

సామాజిక పరిశోధనకు కావలసిన ప్రాథమిక గణాంక శాస్త్రంపై సందేహాలు పంపమని పాఠకులను అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ‘ఏ టెస్ట్ పెట్టాలి?’ అన్నవే. కానీ చాలా ఉత్తరాల్లో చిక్కు టెస్ట్ దగ్గర లేదు. ఎవరిని లెక్కపెట్టారు, దేన్ని లెక్కపెట్టారు అన్నచోటే ఉంది. అందుకే ప్రశ్నలను వచ్చిన వరుసలో కాక, సర్వే పని నడిచే వరుసలో పెట్టాం.

ప్ర: ఇంటర్‌లో హెచ్‌ఈసీ చదివాను. ఇప్పుడు ఎం.ఏ. సోషియాలజీ. ప్రాజెక్టుకు స్టాటిస్టిక్స్ తప్పదంటున్నారు. లెక్కలంటే భయం. ఎక్కడ మొదలుపెట్టాలండీ?
– విద్యార్థిని, వరంగల్

జ: పదో తరగతి లెక్కలు చాలు. శాతాలు, నిష్పత్తులు, వర్గమూలం, గ్రాఫు చదవడం వస్తే మొదట్లో ఇంకేమీ అక్కర్లేదు. భయపెట్టేది పాఠ్యపుస్తకాల వరుస. చాలా పుస్తకాలు నాణేలు, పాచికలు, ప్రస్తారాలు, సంయోగాలంటూ సంభావ్యత అధ్యాయాన్ని ముందు పెడతాయి. సగం మంది అక్కడే పుస్తకం మూసేస్తారు. మీరు దాన్ని దాటేసి, శాంపులింగ్ చదివేటప్పుడు మళ్లీ దాని దగ్గరికి రండి. ముందు చలరాశుల (వేరియబుల్స్) రకాలు, పట్టికలు, శాతాలు. తర్వాత సగటు, మధ్యగతం (మీడియన్), అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం. అవి పట్టుబడ్డాక శాంపులింగ్, ప్రామాణిక దోషం (స్టాండర్డ్ ఎర్రర్). ఆ తర్వాతే కై-స్క్వేర్, టి-టెస్ట్, సహసంబంధం (కోరిలేషన్). ఇవన్నీ అయ్యేదాకా రిగ్రెషన్ జోలికి పోవద్దు.

చలరాశుల రకాలను తేలిగ్గా తీసుకోకండి. కులం, మతం, జిల్లా వంటివి పేర్లు మాత్రమే. వాటికి 1, 2, 3 అని కోడ్ ఇచ్చినంత మాత్రాన కొలతలైపోవు. చదువు స్థాయికి వరుస ఉంటుంది కానీ మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం సమానం కాదు. వయసు, భూమి, ఆదాయం నిజమైన కొలతలు. ‘సామాజిక వర్గం సగటు 2.4’ అని పట్టికలో రాసే రిపోర్టులు ఇంకా వస్తూనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అడగ్గానే లెక్కకట్టి ఇస్తుంది. అందులో అర్థముందో లేదో చూసుకోవలసింది మనమే.

ప్రతి సూత్రాన్నీ ఒక్కసారైనా కాగితం మీద చేయండి. ఐదు ఇళ్లలో మనుషులు 3, 4, 4, 5, 9 అనుకుందాం. సగటు 5. తేడాలు –2, –1, –1, 0, 4. వాటి వర్గాలు 4, 1, 1, 0, 16, మొత్తం 22. ఇది శాంపుల్ కాబట్టి ఒకటి తగ్గించి 4తో భాగిస్తే 5.5. దాని వర్గమూలం 2.35, అదే ప్రామాణిక విచలనం. ఆ 22లో 16 ఒక్క ఇంటి నుంచే వచ్చిందని గమనించారా? తొమ్మిది మంది ఉన్న ఇల్లు ఒక్కటి మొత్తం విచలనాన్ని ఎలా లాగేస్తుందో చేత్తో చేసినప్పుడే తెలుస్తుంది. ఎక్సెల్‌లో చివర ‘ఎస్’ ఉన్న విచలనం ఫంక్షన్ 4తోను, ‘పి’ ఉన్నది 5తోను భాగిస్తుంది. మీకు కావలసింది మొదటిది.

ప్ర: శాంపుల్ 384 ఉంటే చాలని మా గైడ్‌గారు చెప్పారు. మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ 384 లేదా 400 తీసుకుంటున్నారు. నేను 20 ఊళ్లలో ఊరికి 20 ఇళ్ల చొప్పున చేద్దామనుకుంటున్నాను. సరిపోతుందా?
– పరిశోధక విద్యార్థి, అనంతపురం

జ: ఆ అంకె ఎలా వచ్చిందో ముందు చూడండి. 95 శాతం నమ్మకానికి వాడే 1.96కు వర్గం 3.8416. జనంలో సగం మంది ‘అవును’ అంటారనుకుంటే 0.5 × 0.5. మనకు వచ్చిన శాతం అటూఇటూ ఎంత తప్పొచ్చో చెప్పేది దోష పరిమితి. ఈ రెంటి లబ్ధాన్ని 5 శాతం దోష పరిమితి వర్గమైన 0.0025తో భాగిస్తే 384.16 వస్తుంది. జనాభా లక్షయినా కోటి అయినా దాదాపు ఇంతే. మొత్తం 1,200 ఇళ్లే ఉన్నచోట మాత్రం సవరణ చేస్తే 292 చాలు.

ఈ లెక్క రెండు విషయాలను ముందే ఒప్పేసుకుంటుంది. ఒకటి, జాబితాలో ప్రతి ఇంటికీ సమాన అవకాశమిచ్చి, విడివిడిగా లాటరీ తీశారని. మీరు ఊళ్లను ఎంచి, ఊరికి 20 ఇళ్లు తీస్తున్నారు. ఒకే ఊరివాళ్లకు నీళ్లు, బడి, పంట, రోడ్డు అన్నీ ఒకటే కాబట్టి జవాబులూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇరవయ్యో ఇంట్లో కొత్తగా తెలిసేది తక్కువ. ఈ పోలికను కొలిచే సహసంబంధం 0.05 ఉందనుకోండి, చిన్నదే. 1 + (20 – 1) × 0.05 అంటే 1.95. దీన్నే డిజైన్ ఎఫెక్ట్ అంటారు. మీ 400 ఇళ్లు నిజానికి 205 ఇళ్ల పనే చేస్తాయి. దోష పరిమితి 5 కాదు, దాదాపు 7 శాతం. అదే 400 ఇళ్లను 40 ఊళ్లలో ఊరికి 10 చొప్పున తీస్తే డిజైన్ ఎఫెక్ట్ 1.45కు దిగుతుంది, దోష పరిమితి 6 శాతం లోపు వస్తుంది. బస్సు ఛార్జీలు పెరుగుతాయి, నిజమే. కానీ డబ్బు పెట్టాల్సింది అక్కడే.

రెండోది, మీరు చెప్పబోయేది మొత్తం జనాభా గురించి ఒక్క శాతమేనని. ‘ఎస్టీ కుటుంబాల్లో ఇంత శాతం’ అని విడిగా చెప్పాలనుకుని, మీ శాంపుల్‌లో ఆ కుటుంబాలు 30 ఉంటే వాటికి దోష పరిమితి 18 శాతం. ‘40 శాతం’ అని రాస్తే అది 22 కావచ్చు, 58 కావచ్చు. ఏయే వర్గాలను పోల్చబోతున్నారో ముందే రాసుకుని, అన్నిటికంటే చిన్న వర్గానికి ఎన్ని ఇళ్లు కావాలో అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రండి.

ప్ర: ఊళ్లోకి వెళ్లాక ఇళ్లను ఎలా ఎంచాలి? తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లొచ్చా?
– స్వచ్ఛంద సంస్థ ఫీల్డ్ కోఆర్డినేటర్, ఆదిలాబాద్

జ: పక్కింటికి వెళ్లకూడదు. పగలు తాళం ఉండే ఇళ్లు కూలికి పోయినవాళ్లవి, వలస పోయినవాళ్లవి. వాళ్ల బదులు ఇంట్లో ఉన్నవాళ్లను చేర్చుకుంటూ పోతే మీ సర్వేలో పేదరికం దానంతటదే తగ్గిపోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మరో రోజు ఒకసారి వెళ్లండి. అప్పటికీ దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాసి వదిలేయండి. ఎన్ని ఇళ్లు అలా పోయాయో రిపోర్టులో చెప్పండి.

ఎంపిక ఇలా చేయాలి. ముందు ఊరంతా తిరిగి ఇళ్ల జాబితా రాయండి. ఓటర్ల జాబితాతో పని కానిచ్చేస్తే పెళ్లయి వచ్చిన కోడళ్లు, కొత్తగా దిగినవాళ్లు తప్పిపోతారు, ఊరు వదిలినవాళ్లు ఉండిపోతారు. జాబితాలో 640 ఇళ్లుండి 40 కావాలంటే 640ని 40తో భాగించండి, 16 వస్తుంది. 1 నుంచి 16 లోపు ఒక అంకెను చీటీ తీయండి. 7 వస్తే 7, 23, 39, 55... అలా 631 దాకా. జాబితాలో దళితవాడ, తండా, గూడెం అన్నీ ఉన్నాయో లేదో సంతకం పెట్టేముందు చూడండి. సర్పంచి ఇంటి నుంచి మొదలుపెట్టి ఊరి నడిబొడ్డులోనే ముగించే జాబితాలు కొల్లలు.

ఇంట్లో ఎవరిని అడగాలన్నదీ మీ ఇష్టం కాదు. అర్హులైన పెద్దల్లో ఎవరి పుట్టినరోజు ముందు రాబోతోందో వాళ్లను అడగడం తేలికైన పద్ధతి. పుట్టినతేదీలు తెలియని ఇళ్లలో పేర్లు రాసి చీటీ తీయండి.

ఫారాలు నింపేవాళ్లను అదుపులో పెట్టడానికి మన గణాంక శాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్ చూపిన దారి ఒకటుంది. 1930ల చివర బెంగాల్ జనపనార పంట సర్వేల్లో ఆయన శాంపుల్‌ను విడివిడి భాగాలు చేసి వేర్వేరు బృందాలకు ఇచ్చేవారు. రెండు భాగాలూ యాదృచ్ఛికంగా తీసినవే కాబట్టి ఫలితాలు దగ్గరగా రావాలి. మీ ఇద్దరు ఇన్వెస్టిగేటర్లకూ ఒకే ఊళ్లో చెరో 20 ఇళ్లు లాటరీ తీసి ఇవ్వండి. ఒకరికి మద్యం తాగే ఇళ్లు 60 శాతం, ఇంకొకరికి 15 శాతం వస్తే తేడా ఊళ్లో లేదు, అడిగిన తీరులో ఉంది.

ప్ర: గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో పెడితే వారంలో 1,500 జవాబులు వచ్చాయి. ఇంత పెద్ద శాంపుల్ ఉన్నా కుదరదంటున్నారేంటి?
– ఎం.బి.ఏ. విద్యార్థి, హైదరాబాద్

జ: 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి నమూనా బ్యాలెట్లు పంపి, 24 లక్షల దాకా జవాబులు తెచ్చుకుంది. రూజ్‌వెల్ట్ మీద ల్యాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 61 శాతం ఓట్లతో గెలిచాడు. పత్రిక చిరునామాలు ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల్లోంచి తీసుకున్నవి, పైగా జవాబు రాసి పంపిన ఓపికవంతులు వేరే రకం మనుషులు. మీ 1,500 మందికీ అంతే. ‘ఫారం నింపినవాళ్లలో ఇంత శాతం’ అని రాయండి, ‘హైదరాబాద్ యువతలో’ అని రాయకండి. దోష పరిమితి లెక్క అసలే పెట్టకండి.

ప్ర: ఫారాలు ఎక్సెల్‌లో ఎక్కించాం. సగటు భూమి 7.6 ఎకరాలని వచ్చింది. మా మండలంలో అంత భూమి ఎవరికీ లేదు! ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది?
– ఎం.ఎస్‌.డబ్ల్యూ. విద్యార్థుల బృందం, కరీంనగర్

జ: ‘జవాబు లేదు’ అన్నదానికి 99 కోడ్ పెట్టారేమో చూడండి. 200 ఇళ్లలో 188 ఇళ్ల సగటు 1.8 ఎకరాలై, మిగతా 12 ఇళ్ల దగ్గర 99 ఉంటే మొత్తం సగటు 7.6 అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు 99 అంటే 99 ఎకరాలే. ఎస్‌పీఎస్‌ఎస్, పీఎస్‌పీపీ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లలో అయితే ఆ కోడ్‌ను మిస్సింగ్ వాల్యూగా ప్రకటించాలి. ఎక్సెల్‌లో అయితే గడిని ఖాళీగా వదలాలి. ఖాళీ వేరు, సున్నా వేరు. భూమి లేని ఇంటికి 0, చెప్పని ఇంటికి ఖాళీ.

అది సరిచేశాక కూడా మీ లెక్క తేలకపోవచ్చు, ఎందుకంటే మీరు తెలంగాణలో ఉన్నారు. రైతు ‘2.20’ అని చెబితే, పాసుపుస్తకంలో అలా ఉంటే, అది 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి ఎక్సెల్‌లో 2.5 పడాలి. అదే 2.20 ఆంధ్రలో 2 ఎకరాల 20 సెంట్లు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు కాబట్టి 2.2 సరిపోతుంది. రెండు రాష్ట్రాల సరిహద్దు మండలాల్లో కలిపి సర్వే చేస్తే మరీ జాగ్రత్త. ఎకరాలకు ఒక నిలువు వరుస, గుంటలకో సెంట్లకో మరో వరుస పెట్టి, మూడో వరుసలో సూత్రంతో కలపండి.

మిగతా షీటును కూడా ఒకసారి చూసుకోండి. ఒక మనిషికి లేదా ఒక ఇంటికి ఒకే అడ్డు వరుస. ఫారం మీద రాసిన నంబరే మొదటి గడిలో ఉండాలి, లేకపోతే అనుమానం వచ్చినప్పుడు కాగితం వెతకలేరు. గడులు కలపడం, రంగులు వేసి గుర్తుపెట్టుకోవడం వద్దు. రంగును సాఫ్ట్‌వేర్ చదవదు. ‘10–12 వేలు’ అని మాటల్లో ఎక్కిస్తే ఆ గడి సగటులోంచి చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. వయసును 18–25, 26–35 అని ముక్కలు చేసి అడగకండి. ఉన్న వయసు రాసుకుంటే ముక్కలు తర్వాత మీరే చేసుకోవచ్చు. 25, 30, 35, 40 దగ్గర కుప్పలుగా పడితే వయసులు అంచనాతో చెప్పినవని అర్థం. కొంచెం కుప్ప మామూలే. ఒక్క ఇన్వెస్టిగేటర్ ఫారాల్లోనే అలా ఉంటే అతన్ని అడగాలి. ‘మీకు ఏయే పథకాలు అందుతున్నాయి’ వంటి బహుళ జవాబుల ప్రశ్నకు ఒక్కో పథకానికి ఒక్కో నిలువు వరుస, అందులో 1 లేదా 0.

తెలుగులో రాసుకున్న జవాబులుంటే ఫైలును మామూలు సీఎస్‌వీగా కాక ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా దాచండి. లేకపోతే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, ఆ తర్వాత తిరిగి రావు.

ప్ర: కుటుంబ ఆదాయానికి సగటు ఇవ్వాలా, మధ్యగతం ఇవ్వాలా?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, శ్రీకాకుళం

జ: రెండూ ఇవ్వండి, వాదన మాత్రం మధ్యగతం మీద నిలపండి. తొమ్మిది ఇళ్ల నెల ఆదాయాలు వేలల్లో 8, 9, 9.5, 10, 11, 12, 12.5, 14, 150 అనుకుందాం. సగటు రూ.26,222. అంత సంపాదించే ఇల్లు ఆ తొమ్మిదిలో ఒక్కటే. వరుసలో నడిమిది రూ.11,000, అదే మధ్యగతం.

అయితే దీనికంటే పెద్ద తలనొప్పి ఆదాయం అడగడమే. రైతుకూ కూలీకీ నెల జీతం ఉండదు, ఉన్నవాళ్లు చెప్పరు. జాతీయ శాంపుల్ సర్వే ఖర్చును అడిగేది అందుకే. అందులోనూ కూరగాయలు, పండ్లు, నూనె, మాంసం వంటివాటికి గత 7 రోజులు, బట్టలు, చదువు, ఆస్పత్రిలో చేరిక, సామాన్లకు గత 365 రోజులు, మిగతావాటికి 30 రోజులు అని వేర్వేరు గడువులు పెడుతుంది. పండక్కి కొన్న చీర నెల లెక్కలో పడితే ఒక ఇల్లు కలవారిదైపోతుంది, పడకపోతే పేదదైపోతుంది. ఈ పద్ధతిలో 2022–23 సర్వే తేల్చిన నెలవారీ తలసరి ఖర్చు దేశంలో గ్రామాల్లో రూ.3,773, పట్టణాల్లో రూ.6,459. మీ అంకెను వీటి పక్కన పెట్టి చూడండి, ముందు గడువులు ఒకటేనా అని సరిచూసుకుని.

ప్ర: స్వయం సహాయక సంఘంలో ఉన్న మహిళలు బ్యాంకులో సొంతంగా డబ్బు తీసుకోగలుగుతున్నారా అన్నది నా అంశం. 200 మందిని అడిగాను. కై-స్క్వేర్ ఎలా చేయాలో, ఫలితాన్ని ఎలా రాయాలో మెట్టుమెట్టుగా చెప్పగలరా మేడమ్?
– పరిశోధక విద్యార్థిని, కర్నూలు

జ: మీ అంశానికి సరిపోయేలా నమూనా అంకెలు తీసుకుందాం. సంఘంలో ఉన్నవాళ్లు 120 మంది, అందులో 78 మంది సొంతంగా తీసుకుంటారు, 42 మంది తీసుకోరు. సంఘంలో లేనివాళ్లు 80 మంది, 38 మంది తీసుకుంటారు, 42 మంది తీసుకోరు.

టెస్ట్ కంటే ముందు శాతం. ఏ దిక్కున కట్టాలన్నదే ఇక్కడ ఎక్కువమంది తప్పేది. ప్రభావం చూపుతుందని మీరు అనుమానించేది సంఘ సభ్యత్వం కాబట్టి ప్రతి సభ్యత్వ వర్గాన్నీ 100 చేయండి. సభ్యుల్లో 78/120, అంటే 65 శాతం. కానివాళ్లలో 38/80, అంటే 47.5 శాతం. తేడా 17.5 పాయింట్లు. అదే తిరగేసి, ‘సొంతంగా తీసుకునే 116 మందిలో 67 శాతం సభ్యులే’ అంటే గొప్పగా వినిపిస్తుంది. కానీ మీ శాంపుల్‌లోనే 60 శాతం సభ్యులు!

ఇక కై-స్క్వేర్. సభ్యత్వానికీ బ్యాంకుకూ ఏ సంబంధమూ లేకపోతే ఒక్కో గడిలో ఎంతమంది ఉండాలో కట్టాలి. అడ్డు మొత్తాన్ని నిలువు మొత్తంతో గుణించి 200తో భాగించండి. మొదటి గడికి 120 × 116 ÷ 200 = 69.6. మిగతావి 50.4, 46.4, 33.6. నాలుగు గడుల్లోనూ అసలు అంకెకూ దీనికీ తేడా 8.4 వస్తుంది. రెండు అడ్డు, రెండు నిలువు వరుసల పట్టికలో ఎప్పుడూ ఇలా ఒకే తేడా రావాలి, రాకపోతే కూడికలో తప్పుంది. 8.4 వర్గం 70.56. దాన్ని నాలుగు అంచనా అంకెలతో విడివిడిగా భాగిస్తే 1.01, 1.40, 1.52, 2.10. కూడితే 6.03. నాలుగు గడుల పట్టికకు స్వాతంత్య్ర పరిమితి (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 1. దానికి 5 శాతం స్థాయిలో హద్దు 3.84, 1 శాతం స్థాయిలో 6.63. మొదటిది దాటింది, రెండోది దాటలేదు. పి-వాల్యూ 0.014 (దీని అర్థం తర్వాతి జవాబులో ఉంది).

చేసే తప్పులు మూడు. గడుల్లో మనుషుల బదులు శాతాలు పెట్టడం మొదటిది, అప్పుడు ఎంతమందిని అడిగారన్నది లెక్కలోకే రాదు. రెండోది, ఒకే మనిషిని రెండు గడుల్లో వేయడం. బహుళ జవాబుల ప్రశ్నల్లో ఇది తెలియకుండానే జరుగుతుంది. మూడోది, అంచనా అంకె 5 కంటే తక్కువున్న గడులను పట్టించుకోకపోవడం. పెద్ద పట్టికలో అలాంటివి ఐదోవంతు మించితే వర్గాలను అర్థవంతంగా కలపాలి. మీలాంటి నాలుగు గడుల పట్టికలో అయితే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ చూడాలి. ఎస్‌పీఎస్‌ఎస్ పట్టిక కిందే ఆ సంగతి చిన్నక్షరాల్లో చెబుతుంది, చాలామంది దాన్ని కత్తిరించి పారేస్తారు. ‘కంటిన్యూటీ కరెక్షన్’ అని ఇంకో వరుస కూడా వస్తుంది, మన అంకెలకు అది 5.34. తికమక పడకండి, ఏది వాడారో చెబితే చాలు.

ఫలితంలో ‘శూన్య పరికల్పన (ఏ సంబంధమూ లేదన్న ఊహ) తిరస్కరించబడింది’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఇలా రాయండి: ‘సభ్యుల్లో 65 శాతం, కానివారిలో 47.5 శాతం సొంతంగా డబ్బు తీసుకుంటున్నారు. తేడా 17.5 పాయింట్లు, 95 శాతం విశ్వాస అంతరం 3.6 నుంచి 31.4 వరకు.’ విశ్వాస అంతరం (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్) అంటే అసలు తేడా ఉండగల హద్దులు. ఆ వెడల్పు అంతరం చూస్తే తెలుస్తుంది, తేడా ఉందని చెప్పగలం గానీ ఎంతో గట్టిగా చెప్పలేం. సంఘం వల్లే ఇది జరిగిందని కూడా ఈ పట్టిక చెప్పదు. ముందే చొరవ, చదువు ఉన్నవాళ్లు సంఘంలో చేరి ఉండొచ్చు. కనీసం చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అని విడదీసి ఇదే పట్టికను రెండుసార్లు వేసి చూడండి.

ప్ర: పి-వాల్యూ 0.06 వచ్చింది. 0.05 లోపు రావడానికి ఏం చేయాలి?
– పేరు రాయలేదు

జ: ఏమీ చేయకూడదు. 0.06 అనే రాసి, తేడా ఎంతో, అంతరం ఎంతో చెప్పండి.

పి-వాల్యూ చెప్పేది ఇంతే: అసలు తేడానే లేకపోతే, మీకు వచ్చినంత లేదా అంతకు మించిన తేడా శాంపుల్ అదృష్టం కొద్దీ వచ్చే అవకాశం ఎంత అని. మీ పరికల్పన నిజమయ్యే అవకాశం అది కాదు, ప్రభావం పెద్దదా చిన్నదా అన్నదీ కాదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో దీనిమీద ప్రత్యేకంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే అపోహ మనకే పరిమితం కాదని తెలుస్తుంది. వయసు, కులం, చదువు, భూమి అంటూ ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు పెడితే, నిజంగా ఏ తేడా లేకున్నా ఒక్కటైనా 0.05 లోపు వచ్చే అవకాశం 64 శాతం. థీసిస్‌లో ఆ ఒక్కటే మిగిలి, 19 మాయమవడం మనం చూస్తున్న కాకిలెక్కల్లో ముఖ్యమైన రకం. సాఫ్ట్‌వేర్ 0.000 అని చూపిస్తే సున్నా అని రాయకండి, 0.001 కంటే తక్కువ అని రాయండి.

ప్ర: ఐదు మెట్ల లైకర్ట్ స్కేల్‌కు సగటు తీయవచ్చా?
– బి.ఇడి. అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జ: ‘అస్సలు ఒప్పుకోను’ నుంచి ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ దాకా 1 నుంచి 5 మార్కులు వేసే ఈ స్కేల్‌లో ఒక్క ప్రశ్నకైతే సగటు వద్దు, ఏ మెట్టులో ఎంత శాతమో ఇవ్వండి. 3.0 సగటు అందరూ మధ్యలో ఉన్నా వస్తుంది, సగం మంది 1 దగ్గర, సగం మంది 5 దగ్గర ఉన్నా వస్తుంది. ఒకే భావనను కొలిచే ఎనిమిదో పదో ప్రశ్నల మార్కులు కలిపితే ఆ మొత్తానికి సగటు తీయడం ఆనవాయితీ. కలిపేముందు వ్యతిరేక వాక్యాలను 6లోంచి తీసివేసి తిప్పండి: 5 ఉంటే 1, 4 ఉంటే 2. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా రుణాత్మకంగా వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది ఈ తిప్పడం మరిచారనే.

ప్ర: మండలాల వారీ లెక్కల్లో వలస వచ్చినవాళ్లు ఎక్కువున్నచోట అక్షరాస్యత ఎక్కువగా ఉంది. వలస వచ్చినవాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లని రాయొచ్చా?
– జర్నలిజం విద్యార్థి, విశాఖపట్నం

జ: రాయకూడదు. అచ్చం ఇలాంటి లెక్కతోనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఎస్. రాబిన్సన్ 1950లో ఈ ఉచ్చును చూపించాడు. అమెరికా 1930 జనగణనలో రాష్ట్రాల వారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్ల శాతానికీ నిరక్షరాస్యతకూ సహసంబంధం –0.53, అంటే వలసదారులు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ. మనుషుల వారీగా కడితే +0.12, వలసదారుల్లోనే నిరక్షరాస్యులు కాస్త ఎక్కువ. గుర్తే తిరగబడింది! కారణం, వాళ్లు అప్పటికే చదువుకున్న జనం ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. విశాఖ చుట్టుపక్కల మండలాల్లోనూ పరిశ్రమలు, బడులు, వలస మూడూ ఒకేచోట చేరి ఉండొచ్చు. మండలాల లెక్కతో మండలాల గురించే రాయండి.

ప్ర: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వెయ్యి మంది మగవాళ్లకు 1,020 మంది ఆడవాళ్లున్నారంది. 2011 జనగణనలో 943. పదేళ్లలో ఇంత మార్పా?
– పాఠకుడు, నిజామాబాద్

జ: రెండు అంకెలూ ఒకటే కొలవవు. 2019–21 నాటి ఐదో ఆరోగ్య సర్వేలోని 1,020, సర్వేకు ముందు రాత్రి ఆ ఇళ్లలో పడుకున్నవాళ్లను బట్టి కట్టింది. వలస వెళ్లి కార్మిక శిబిరాల్లో, బ్యారక్‌లలో, హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఇళ్ల శాంపుల్‌లోకి రారు, అందులో మగవాళ్లే ఎక్కువ. జనగణన ఇల్లు లేనివాళ్లను సైతం లెక్కపెడుతుంది. అదే సర్వేలో అంతకుముందు ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో నిష్పత్తి 929, ఆడపిల్లల గురించి రాయాలంటే చూడాల్సింది అది. అక్షరాస్యతలోనూ ఇదే గొడవ. జనగణనలో 7 ఏళ్లు నిండిన అందరూ ఉంటారు, ఆరోగ్య సర్వేలో మహిళలంటే 15–49 ఏళ్లవాళ్లే.

ప్ర: ఆ సర్వేల ముడి డేటా డౌన్‌లోడ్ చేసుకుని నేనే శాతాలు కట్టాను. ప్రచురించిన రిపోర్టుతో కలవడం లేదు. సాఫ్ట్‌వేర్ కొనాలా?
– పరిశోధకుడు, తిరుపతి

జ: కొనక్కర్లేదు. జమోవి, పీఎస్‌పీపీ, ఆర్ మూడూ ఉచితం, మొదటి రెండింటిలో మెనూలతోనే పని జరుగుతుంది. మీ అంకె కలవకపోవడానికి కారణం బహుశా వెయిట్ పెట్టకపోవడం. ఈ సర్వేల్లో కొన్ని ప్రాంతాల నుంచి జనాభా వాటాకు మించి ఇళ్లు తీస్తారు, దాన్ని సరిచేసే గుణకం ప్రతి వరుసలో ఉంటుంది. ఆరోగ్య సర్వే ఫైళ్లలో దాన్ని 10 లక్షలతో భాగించి వాడాలి. జాతీయ శాంపుల్ సర్వే ఫైళ్లలో మల్టిప్లయర్‌ను ఎలా భాగించాలో డేటాతో పాటు వచ్చే కాగితంలో ఉంటుంది. వెయిట్ పెట్టాక ముందు ప్రచురిత రిపోర్టులోని ఒక పట్టికను దశాంశంతో సహా తెప్పించండి. అది వచ్చేదాకా మీ సొంత పట్టికల జోలికి వెళ్లకండి. శాంపుల్ సంఖ్యను చూపేటప్పుడు మాత్రం వెయిట్ తీసేసి, నిజంగా అడిగిన మనుషుల లెక్క ఇవ్వండి.